ఉద్యోగం కంటే ముందు లక్ష్యం: యల్లాప్రగడ సుబ్బారావు

పెద్దయ్యాక ఏమవుతారని మేము తరగతిలో అడిగితే డాక్టరు, ఇంజనీరు, కలెక్టరు అని వెంటనే జవాబు వస్తుంది. ఆ ఉద్యోగంలో చేరి ఏ పని సాధించాలనుకుంటున్నారు అని అడిగితే మాత్రం అందరూ తలలు దించుకుంటారు. అందుకే ఈసారి యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం చెప్పుకుందాం.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. చిన్నతనంలో డబ్బు సంపాదించాలనే ఆశ ఉండేది. కాశీలో యాత్రికులకు అరటిపళ్ళు అమ్ముదామని ఇంట్లో చెప్పకుండా బయలుదేరారు. పెద్దలు వెనక్కి తెచ్చి మళ్ళీ బడిలో వేశారు. ఊరు మారి, బడి మారి, మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కారు. తరువాత సన్యాసం తీసుకుందామనుకుంటే తల్లి వెంకమ్మ గారు ఒప్పుకోలేదు. చివరికి మద్రాసు వైద్య కళాశాలలో చేరారు.

తిన్నది ఒంటికి పట్టనివ్వని స్ప్రూ అనే జబ్బు ఆయన తోడబుట్టినవారిని బలితీసుకుంది. ఆయనకూ ఆ జబ్బు వచ్చి, ఆయుర్వేద చికిత్సతో తగ్గింది. ఇలాంటి రోగాలకు మందు కనిపెట్టాలన్న పట్టుదల ఆయనలో స్థిరపడింది.

కళాశాలలో ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్స ఆచార్యుడికి కోపం వచ్చింది. సుబ్బారావు గారికి ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టా దక్కింది. దాంతో ప్రభుత్వ వైద్యశాఖలో చోటు దొరకలేదు. ఆ ఉద్యోగమే లక్ష్యమైతే కథ అక్కడే ముగిసేది. ఆయనకు కావలసింది మందు కనుక్కోవడం. అందుకే మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు, ఆపై మామగారి సాయంతో అమెరికాలోని హార్వర్డ్‌కు వెళ్ళారు. అక్కడ పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కూడా కడిగారు.

1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. అయినా హార్వర్డ్‌లో స్థిరమైన పదవి రాలేదు. 1940లో లెడర్లీ అనే మందుల సంస్థలో చేరారు. 1945లో ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది స్ప్రూ రోగుల చికిత్సకు పనికొచ్చింది. బోదకాలు నివారణకు నేటికీ మన ఊళ్ళలో పంచే డి.ఇ.సి. మాత్ర కూడా ఆయన బృందం పరిశోధనల ఫలితమే.

ఇందుకు ఆయన చెల్లించిన మూల్యమూ పెద్దదే. భార్యను ఇక్కడ వదిలి వెళ్ళిన మనిషి మళ్ళీ స్వదేశానికి రాలేదు. 1948లో అమెరికాలోనే కన్నుమూశారు.

బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడల్లా మేమూ పెట్టెలు సర్దుకుంటాం. ఊరు మారుతుంది, పిల్లలకు తెలుగు నేర్పాలన్న పని మారదు. మీరూ దరఖాస్తు నింపే ముందు నోటుపుస్తకంలో ఒక్క వాక్యం రాసుకోండి. అందులో పదవి పేరు వద్దు, మీరు చేయదలచిన పని ఉండాలి. ఒక తలుపు మూసుకుంటే, ఏ తలుపు తట్టాలో ఆ వాక్యమే చెబుతుంది.