డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

ఆదవాని ప్రత్తి మండీలనుండియు, ఎమ్మిగనూరు మగ్గముల వీథులనుండియు మన పిల్లలు నేడు విశ్వవిద్యాలయములకు బోయి పరిశోధనలు సలుపుచున్నారు. పరీక్షల భయమన నెట్టిదో వారి తల్లిదండ్రులెరుగుదురు. పట్టము చేత బడిన పిమ్మట మొదలగు మరియొక బాధను మాత్రము పెక్కురెరుగరు. ఒక్క ప్రయోగశాలలో, ఒక్క బల్లయొద్ద పనిచేయువారి నడుమ బుట్టు మత్సరము దాయాదుల మత్సరమునకేమియు దీసిపోదు. పొలముగట్టు తగవునకు ఊరిపెద్దలైనను గలరు. ఈ తగవునకు సాక్షులే దొరకరు. డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి విషయమున నొక సాక్షి, అందును గొప్ప సాక్షి, దొరికెను. కావున నా మహనీయుని చరిత్రమును సంగ్రహముగ మా చదువరులకు విన్నవించుచున్నాము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. బాల్యమున వారికి చదువుపై మక్కువ లేదు. పదుమూడేండ్ల ప్రాయమున నిల్లు విడిచి, కాశిలో యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనమార్జింపవలెనని బయలుదేరగా పెద్దలు పట్టి తెచ్చిరి. మెట్రిక్యులేషను పరీక్ష మూడవ మారు గాని గట్టెక్కలేదు. తరువాత సన్యసింపదలచిరి, తల్లి యొప్పుకొనలేదు. మదరాసు వైద్యకళాశాలలో జేరిన పిమ్మట గాంధిగారి పిలుపు విని ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాశాలలో బ్రవేశింపగా, శస్త్రవైద్యాచార్యుడైన బ్రాడ్‌ఫీల్డుగారికి కన్నెఱ్ఱయైనది. వ్రాతపరీక్షలలో బాగుగ దేరినను ఎం.బి.బి.యస్. పట్టమునకు బదులు దానికి దిగువదగు ఎల్.ఎం.యస్. మాత్రమే దక్కినది. ఒక యాచార్యుని యలుక విద్యార్థి భవిష్యత్తు నెంతవరకు మార్పగలదో వారి కప్పుడే యెరుకపడినది.

సోదరులిరువురు స్ప్రూ యను గ్రహణీవ్యాధిచే గతించిరి. వైద్యపరిశోధనయే తన మార్గమని సుబ్బారావుగారు నిశ్చయించుకొనిరి. మామగారి సాయమును, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ వాగ్దానమును ఆధారముగ గొని, భార్య శేషగిరిగారిని పుట్టినింట విడిచి, అమెరికాలోని బోస్టను నగరము జేరిరి. అచ్చటి హార్వర్డు విశ్వవిద్యాలయమున జదువుచు, పొట్టకూటికై రాత్రులయందు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడిగిరి.

పిదప ఆటో ఫోలిన్ అను ఆచార్యుని జీవరసాయనశాఖలో జేరి, సైరస్ ఫిస్క్ అనువారితో గలిసి పనిచేయదొడగిరి. రక్తమునందును మూత్రమునందును గల భాస్వరమును కొలుచుట కాకాలమున సులభమార్గము లేదు. వీరిరువురు దానిని మాలిబ్డిక్ ఆమ్లముతో గలిపి, వేరొక రసాయనముచే నీలివర్ణము దెప్పించి, ఆ నీలపు గాఢతనుబట్టి భాస్వరమెంత యున్నదో తేల్చు పద్ధతిని గనుగొనిరి. 1925లో వెలువడిన యా పద్ధతికి ఫిస్క్–సుబ్బారావు పద్ధతి యనియే పేరు. తరువాత దానినే సాధనముగ గొని కండరముల జోలికి బోయిరి. లండనులో ఎగిల్‌టన్ దంపతులును అదే వేట వేటాడుచుండిరి. కండరమునందలి యా చంచలపదార్థము ఫాస్ఫోక్రియాటిన్ అని 1927లో బోస్టను వారు నిరూపించిరి. 1929లో ఏ.టి.పి. అని నేడు పాఠశాల పిల్లలు సైతము చదువు శక్తిద్రవ్యమును బయటికి దీసిరి. అదే యేట జర్మనీలో కార్ల్ లోమన్ అను శాస్త్రజ్ఞుడును దానిని వేరుగ గనుగొనెను. కండరశక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమను సిద్ధాంతమున కంతకుమున్ను 1922 సంవత్సరపు నోబెల్ బహుమానము లభించియుండెను. ఈ పరిశోధనలు దాని పునాదినే కదల్చినవి.

దూరదేశపు పోటీ యిట్టిది. దానివలన నెవరికిని కీడు లేదు. ఒకరిని మించవలెనని మరియొకరు త్వరపడుదురు, లోకము లాభపడును. ఇంటిలోని పోటీ వేరు.

సుబ్బారావుగారికి 1930లో డాక్టరు పట్టము వచ్చినది. స్థిరమైన యాచార్యపదవి మాత్రము రాలేదు. ఆ పదియేండ్లలో వారు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడులు అచ్చుకెక్కనే లేదు. ఏండ్లు గడచిన పిమ్మట వానిని ఇతరులు మరల మొదటినుండి కనుగొనవలసి వచ్చెను. కారణము ఫిస్కుగారి యసూయయేయనియు, సుబ్బారావుగారి కృషిని ఆయన వెలుగు చూడనీయలేదనియు జెప్పినవాడు సామాన్యుడు కాడు. అదే శాలలో విద్యార్థియై యుండి 1933లో డాక్టరు పట్టము బొంది, 1988లో వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానము బడసిన జార్జి హిచింగ్సు.

ఫిస్కుగారు తెలివితక్కువవాడైనచో నిది చిన్నకథయై యుండును. ఆయన నేర్పరి, నీలివర్ణపు పద్ధతిలో ఆయన పాలు సగము. ఆ సగమును మనవారు తమ యభిమానముకొలది తుడిచివేయుట మాకు సమ్మతము కాదు. దొరవారు దోచిరని కేకలువేసి ఊరకుండుటయు జాలదు. పెద్దవాని యనుమతి లేనిదే చిన్నవాని పని యచ్చుకెక్కని యేర్పాటు బోస్టనులో మాత్రమే యున్నదా? మన విశ్వవిద్యాలయములలో మార్గదర్శకుని సంతకముకై యేండ్లకేండ్లు వేచియుండు పరిశోధకులను మేమెరుగుదుము. ఒక్క విద్యార్థివేతనముకై మన బిడ్డలిద్దరు పోటీపడినప్పుడు ఒకరి పుస్తకమును మరియొకరు దాచు ముచ్చటలును వినియున్నాము. అట్లు మూలబడినది వ్యక్తి కీర్తి మాత్రమే కాదు. రోగి కందవలసిన మందు సైతము వెనుకబడును.

1940లో సుబ్బారావుగారు హార్వర్డు విడిచి లెడర్లీ యను ఔషధసంస్థలో బ్రవేశించి, కొలదికాలముననే పరిశోధనలకధ్యక్షులైరి. విశ్వవిద్యాలయ పండితులు వర్తకసంస్థలను చిన్నచూపు చూచు దినములవి. ఆ చిన్నచూపునకు గురియైన చోటనే వారి చేయి తిరిగినది. 1945లో వారి బృందము ఫోలిక్ ఆమ్లమును గృత్రిమముగ దయారుచేసెను. సోదరులను మ్రింగిన స్ప్రూ వ్యాధికి మందు దొరికెను. దాని నిర్మాణమును దెలుపుచు 1946లో వెలువడిన వ్యాసమున పదునారుగురి పేళ్లున్నవి; అధ్యక్షుని పేరు వారిలో నొకటి మాత్రమే. తన పేరు వెనుకబడిన బాధ నెరిగినవాడు ఇతరుల పేళ్లను ముందుంచుట మాకు మిక్కిలి ముచ్చట గొల్పినది. ఆ యామ్లమునకు విరోధులుగ వారు చేయించిన మందులను సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు పుట్టకురుపుతో బాధపడు పదునార్గురు పిల్లలకిచ్చి, పదిమందిలో వ్యాధి తాత్కాలికముగ వెనుకకు దగ్గుట జూచి 1948లో బ్రకటించెను. బోదకాలునకిచ్చు హెట్రజాను, ఆరియోమైసిను అను సూక్ష్మజీవినాశకమును వారి యధ్యక్షతయందే వెలువడినవి.

1948 ఆగస్టునెలలో, ఏబదిమూడేండ్ల ప్రాయమున, సుబ్బారావుగారు నిదురలోనే కన్నుమూసిరి. 1953లో ఒక శిలీంధ్రజాతికి శాస్త్రజ్ఞులు సుబ్బారోమైసిస్ అని పేరిడిరి. 1995లో భారతప్రభుత్వము వారి చిత్రముతో తపాలాబిళ్ల వెలువరించెను. బోస్టనుకు బయలుదేరిన నాడు విడిచిన స్వదేశమును గాని, శేషగిరిగారిని గాని వారు మరల చూచియుండలేదు.