మర్హూమ్ మఖ్దూం మొహియుద్దీన్ సాబ్: పల్లెలు గెలిపించిన ఉర్దూ కవి



ప్రతి ఏడూ జూన్ నెల వచ్చిందంటే మా బడికి వచ్చే తల్లిదండ్రులు నన్ను ఒకటే ప్రశ్న అడుగుతారు. ఉర్దూ మీడియంలో చదివితే మా పిల్లవాడు రేపు ఎక్కడికి పోతాడు మాస్టర్ సాబ్, అని. జవాబుగా నేను ఒక మనిషి కథ చెప్తాను. ఈసారి సావనీరులో ఆ కథే రాస్తున్నాను.

మఖ్దూం మొహియుద్దీన్ గారు మన అల్వాల్‌కు దూరపువారేమీ కారు. 1908 ఫిబ్రవరి 4న పాత మెదక్ జిల్లా అందోలులో పుట్టినారు. అది ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. పసితనంలోనే తండ్రి పోయినారు. చిన్నాయన బషీరుద్దీన్ గారే పెంచినారు. మసీదు ఊడ్చి, నీళ్లు నింపి పెరిగిన పిల్లవాడు. రష్యా అనే దేశంలో రాజు పోయినాడట, అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద అన్నం తింటున్నారట అని చిన్నాయన చెప్పిన మాట ఆ పిల్లవాని మనసులో నాటుకుపోయింది.

పేదరికంలోనే హైదరాబాదు చేరినారు. ట్యూషన్లు చెప్పుకుంటూ ఉస్మానియాలో చదివి 1936లో ఎం.ఎ. పూర్తి చేసినారు. ఆ రోజుల్లో అక్కడ అన్ని పాఠాలూ ఉర్దూలోనే. తరువాత సిటీ కాలేజీలో అధ్యాపకులైనారు. మన ఇళ్లలో సర్కారు నౌకరీ అంటే ఎంత గొప్పో మీకు తెలుసు. అటువంటి నౌకరీని కొన్నేళ్లకే వదిలేసి కార్మికుల మధ్యకు పోయినారు. 1946లో అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షులైనారు. రాజ్ బహదూర్ గౌర్ గారు ఆయనకు కుడిభుజం. రైలు కార్ఖానా కూలీలు, మిల్లు కూలీలు, ఏ మతం వారైనా ఆయనకు ఒకటే.

1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి గార్లతో కలిసి నిజాం సర్కారు మీద సాయుధ పోరాటానికి పిలుపునిచ్చినారు. నిజాం పాలన పోయినా కష్టాలు తీరలేదు. 1951లో దొరికిపోయి జైలు పాలైనారు. భార్యాబిడ్డలు ఇంటి దగ్గర ఏ తీరుగా రోజులు వెళ్లదీసి ఉంటారో మనం ఊహించుకోవలసిందే.

1952లో మొదటి ఎన్నికలు వచ్చినవి. పాతబస్తీలోని షాలిబండ నుండి నిలబడినారు. ఉర్దూ మాట్లాడే బస్తీ, ఆయన షాయిరీ తెలిసిన బస్తీ. అయినా ఓడిపోయినారు. అక్కడ కాంగ్రెస్ తరఫున మాసూమా బేగం గారు గెలిచినారు. అదే ఏడు హుజూర్‌నగర్‌లో ఉప ఎన్నిక వచ్చింది. అప్పటి నల్లగొండ జిల్లాలోని తెలుగు పల్లెల నియోజకవర్గం అది. ఆయన గజళ్లు అక్కడ ఎంతమందికి అర్థమై ఉంటాయి? అయినా ఆ రైతులు, కూలీలు ఆయననే గెలిపించి హైదరాబాదు శాసనసభకు పంపినారు. ఈ మనిషి మాకోసం జైలుకు పోయినాడు అన్న సంగతి వారికి తెలుసు. ఆ సంగతికి తర్జుమా అక్కర లేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత శాసనమండలి సభ్యులై, చివరిదాకా కమ్యూనిస్టు పార్టీ పక్షాన మాట్లాడినారు. ఈ పనుల్లో కలం కొంత వెనుకబడింది. మొదటి పుస్తకం సుర్ఖ్ సవేరా 1944లో వస్తే, రెండవది గులే తర్ 1961లో వచ్చింది. మధ్యలో 17 ఏళ్లు! 1966లో వచ్చిన బిసాతే రఖ్స్‌కు 1969 సాహిత్య అకాడమీ అవార్డు దక్కింది. ఆ ఏడే ఆగస్టు 25న ఢిల్లీలో గుండె ఆగి కన్నుమూసినారు. హైదరాబాదు తెచ్చి షా ఖామోష్ దర్గాలో ఖననం చేసినారు. ఇప్పుడు ట్యాంక్‌బండ్ మీద తెలుగు మహనీయుల వరుసలో ఆయన విగ్రహమూ ఉన్నది. 1982లో వచ్చిన బాజార్ సినిమాలో ఆయన గజల్ విన్నవారు మనలో చాలామంది ఉంటారు.

ఆయన పార్టీతో, ఆయన తొక్కిన దారితో ఒప్పుకోనివారు మన సంఘంలోనే ఉన్నారు. దాని మీద వాదించడానికి ఇది చోటు కాదు. నేను చెప్పేది ఒక్కటే. ఉర్దూ ఆయనకు అడ్డు రాలేదు, అట్లాగని ఉర్దూ ఒక్కటే ఆయనను గెలిపించలేదు. తన భాష మాట్లాడని వాళ్ల కష్టం తనదనుకున్నాడు గనుక వాళ్లు తమవాడనుకున్నారు.

కాబట్టి పిల్లలకు ఉర్దూ నేర్పండి, భయపడకండి. దానితోపాటు తెలుగు కూడా మంచిగా నేర్పండి. పక్కింటివారు ఆపదలో ఉంటే ముందు నడిచే గుణం నేర్పండి. మా పిల్లవాడు ఎక్కడికి పోతాడు అని అడిగే తల్లిదండ్రులకు నా జవాబు ఇదే: అందోలు మసీదు ఊడ్చిన అనాథ పిల్లవాడు శాసనసభ దాకా పోయినాడు, మీవాడు ఎందుకు పోలేడు?