హారీ ఫెర్గూసన్

గుంటూరునుండి చిలకలూరిపేటకు పోవు పెద్ద బాటపై, కొండవీటి కొండలకు చేరువలో, ఎడ్లపాడు అను గ్రామము కలదు. పేరునుబట్టి చూడగా ఎడ్లకును ఆ యూరికిని గల పొత్తు నేటిది కాదని తోచును. నేడు పల్నాడు జిల్లాలోని ఈ ప్రాంతమున పత్తిని, మిరపను పండించువారు దున్నుటకును, సరకు మోయుటకును ఎక్కువగా ట్రాక్టరునే ఆశ్రయించుచున్నారు. వెనుకటి దినములలో బండి కట్టు రైతు ప్రయాణమునకు ముందు రెండు చోట్ల చేయివేసి చూచెడివాడు. కాడి నొగకు బిగిసియున్నదా, ఇరుసు కొనయందలి కడచీల చెదరకయున్నదా అని అతని పరీక్ష. కడచీల చిన్న ఇనుప ముక్క. అది ఊడినచో చక్రము ఊడును. చక్రము ఊడినచో బండి బోల్తాపడును. ట్రాక్టరు వచ్చిన పిమ్మట చేయివేయవలసిన చోటు మారెను గాని, చేయివేయవలసిన యవసరము తీరలేదు. లాగుదానికిని, లాగబడుదానికిని నడుమ నుండవలసిన కూర్పును గూర్చి జీవితములో పెద్ద భాగము ఆలోచించినవాడు హారీ ఫెర్గూసన్.

అతడు ఐర్లండు ద్వీపపు ఉత్తరభాగమున, డౌన్ కౌంటీలో, డ్రోమోర్ పట్టణమునకు సమీపమునగల గ్రోవెల్ అను పల్లెలో 1884 నవంబరు 4వ తేదీన జన్మించెను. తండ్రి వ్యవసాయదారుడు, సంతానము పదకొండుమంది. హారీ పదునాలుగవ యేట బడి మానివేసి తండ్రితోపాటు పొలము పనికి పోయెను. ఆ పని అతనికి ఏమాత్రమును నచ్చలేదు. బక్కపలుచని దేహము, తెల్లవారినది మొదలు పొద్దుగూకువరకు చాకిరి. ఇంటినుండి బయటపడవలెనని అతడు తహతహలాడుచుండెను. 1902వ సంవత్సరమున అన్న జో బెల్‌ఫాస్టు నగరమున సైకిళ్లను, మోటారు కార్లను బాగుచేయు దుకాణమునకు తమ్ముని పిలిపించుకొనెను. సేద్యమును తప్పించుకొనుటకై నగరము చేరిన ఆ బాలుడే సేద్యగాండ్రకు అంతటి మేలు చేయుట విచిత్రము.

ఆ దినములలో విమానములు క్రొత్త వింత. హారీ వానిని చూచి వచ్చి, తానే ఒక చిన్న విమానమును నిర్మించెను. 1909 డిసెంబరు 31వ తేదీన హిల్స్‌బరో వద్ద, బలమైన గాలి వీచుచుండగనే, దానిని సుమారు 130 గజముల దూరము నడపెను. ఐర్లండు గడ్డపై విమానము ఎగురుట అదియే మొదటిసారి. కాని విమానములపై మోజు అతనికి చిరకాలము నిలువలేదు. 1911లో సొంత దుకాణమును తెరచి కార్లతోపాటు అమెరికానుండి వచ్చిన ట్రాక్టర్లను కూడ అమ్మసాగెను.

మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఆహారపు కొరత ఏర్పడగా, ప్రభుత్వము ఎక్కువ భూమిని దున్నించ సంకల్పించెను. 1917లో ఐర్లండులోని ట్రాక్టర్ల పనితీరును చక్కదిద్దు బాధ్యత ఫెర్గూసనునకు అప్పగింపబడెను. తన సహాయకుడైన విల్లీ శాండ్సును వెంటబెట్టుకొని అతడు పల్లెపల్లెకు తిరిగెను. తిరిగిన కొలదియు ఒక సంగతి అతనికి స్పష్టమయ్యెను. ట్రాక్టరు చేసినవాడు ట్రాక్టరును గూర్చియే, నాగలి చేసినవాడు నాగలిని గూర్చియే ఆలోచించెను. రెంటికి నడుమనున్న గొలుసును గూర్చి ఆలోచించినవాడు ఒక్కడును లేడు. గుఱ్ఱము వెనుక కట్టిన నాగలినే ఇనుప యంత్రము వెనుకను కట్టి ఈడ్పించుచుండిరి.

అందలి ప్రమాదము సామాన్యమైనది కాదు. దున్నుచుండగా కఱ్ఱు భూమిలోని బండకు తగిలినచో గుఱ్ఱమైనను, ఎద్దైనను ఆగిపోవును. యంత్రమునకు ఆ తెలివి లేదు. నాగలి కదలదు, ఇంజను ఊరకుండదు, వెనుక చక్రములు తిరుగలేక బిగిసిపోవును. అప్పుడు ఇంజను బలము చక్రములను త్రిప్పుటకు మారుగా ట్రాక్టరునే ఇరుసుచుట్టు త్రిప్పును. ముందుభాగము గాలిలోనికి లేచి, రెప్పపాటులో యంత్రమంతయు వెనుకకు తిరుగబడి, తోలువానిపై పడును. క్లచ్చి నొక్కు వ్యవధియైనను అతనికి చిక్కదు. ఇట్లు ప్రాణములు కోల్పోయిన రైతులు పెక్కుమంది.

ఫెర్గూసన్ దీనికి కనుగొనిన ఉపాయము చూచుటకు అతిసులభము. నాగలిని గొలుసుతో ఈడ్పింపక, ట్రాక్టరులో ఒక అవయవమువలె అమర్చవలెనని అతడు తలంచెను. క్రింద రెండు చేతులు, పైన ఒక కడ్డీ, మొత్తము మూడు కీళ్లు. క్రింది చేతులు నాగలిని లాగును. పై కడ్డీ లాగదు, ముందుకు నెట్టును. కఱ్ఱు బండకు తగిలినపుడు నాగలి పైభాగము ముందునకు వంగజూచును. ఆ ఒత్తిడి పై కడ్డీగుండ ట్రాక్టరునకు చేరి, దాని ముక్కును నేలకు అదిమి పట్టును. ట్రాక్టరును పడద్రోయుచుండిన బలమే ఇప్పుడు దానిని నిలిపి ఉంచును. ఇంతటితో అతడు తృప్తిపడలేదు. నూనె ఒత్తిడితో పనిచేయు లిఫ్టును దీనికి జతపరచెను. నేల గట్టిపడిన కొలదియు పై కడ్డీ లోపలి మీటను నొక్కును. లిఫ్టు నాగలిని రవ్వంత ఎత్తును. నాగలి బరువు వెనుక చక్రములపై పడి వానికి పట్టు పెరుగును. అందుచేతనే తేలికయైన ట్రాక్టరు బరువైన ట్రాక్టరు చేయు పనిని చేయగలిగెను. ఈ ఏర్పాటు కుదురుటకు పట్టిన కాలము ఒకటి రెండేండ్లు కాదు. 1917లో మొలకెత్తిన ఆలోచన 1933లో నల్లరంగు పూసిన మొదటి ట్రాక్టరుగా రూపొందెను. డేవిడ్ బ్రౌన్ సంస్థతో కలిసి 1936లో అతడు దానిని అమ్మకమునకు పెట్టెను.

పనిలో అతడు కడు నిక్కచ్చి మనిషి. దుమ్మును, అలసత్వమును సహించెడివాడు కాడు. తన నాగళ్ల మరలలో చాలవరకు ఒకే పానా పట్టునట్లు చేయించి, ఆ పానాపై అంగుళముల గుర్తులు కూడ వేయించెను. రైతు దానితోనే బిగించుకొనవచ్చును, కొలుచుకొనవచ్చును.

1938లో అతడు అమెరికాకు పోయి హెన్రీ ఫోర్డు ఎదుట తన ట్రాక్టరును దున్నించి చూపెను. ఇద్దరును రైతుబిడ్డలే, చూచిన వెంటనే కుదిరినది. కరచాలనము చేసికొనిరి గాని కాగితము వ్రాసికొనలేదు. ఇనుప కూర్పులను అంత జాగ్రత్తగా పరీక్షించు మనుష్యుడు ఈ కూర్పునకు మాత్రము చీల వేయుట మరచెననవలెను. 1939 మొదలు మూడు లక్షలకు పైగా ట్రాక్టర్లు ఆ ఒప్పందము క్రింద తయారయ్యెను. పెద్ద ఫోర్డు 1947లో మరణించెను. అప్పటికే సంస్థ పగ్గములు చేపట్టిన మనుమడు ఆ యేడే ఒప్పందమును త్రెంచి, ఫెర్గూసన్ పద్ధతిగల ట్రాక్టర్లనే తన పేర అమ్మసాగెను. ఫెర్గూసన్ న్యాయస్థానమునకు ఎక్కెను. వ్యాజ్యము 1952లో రాజీతో ముగిసెను. అతనికి తొంబదిరెండున్నర లక్షల డాలర్లు దక్కెను. అది అతడు కోరినదానిలో అల్పభాగమే.

ఈలోగా అతడు ఊరకుండలేదు. 1946లో ఇంగ్లండులోని కవెంట్రీ నగరమున టీ.ఇ.20 అను చిన్న బూడిదరంగు ట్రాక్టరును తయారు చేయించసాగెను. 1956 వరకు అవి ఐదు లక్షలకు మించి వెలువడెను. ఎడ్మండ్ హిల్లరీ 1958 జనవరి 4వ తేదీన దక్షిణ ధ్రువము చేరినది ఈ ట్రాక్టర్లపైననే. దీనితోపాటు ఫెర్గూసన్ ఒక ట్రాలీని కూడ రూపొందించెను. దాని ఇరుసును వెనుకకు జరిపి, సరకు బరువులో కొంత ట్రాక్టరుపై పడునట్లు చేసెను. తోలువాడు దిగనక్కరలేకుండ, లిఫ్టు కొక్కెమును పైకెత్తి ట్రాలీ కడియమును పట్టును. పట్టిన పిమ్మట గడియ దానంతటదే పడును.

నేడు మన యూళ్లలో వాడు ట్రాలీలు చాలవరకు పిన్నుతో తగిలించునవి. వానికి అట్టి గడియ లేదు గనుక తోలువాని కన్నే గడియ. పిన్ను రెండు వైపుల రంధ్రములగుండ పూర్తిగ దిగవలెను. అడుగున క్లిప్పు ఉండవలెను. దాని స్థానమున చీపురుపుల్లయో, తీగముక్కయో పెట్టుట కూడదు. పిన్ను తప్పినను ట్రాలీ విడిపోకుండ పట్టుటకు గొలుసు వేయవలెను. రెండడుగులు మెల్లగా కదల్చి, దిగి మరల చూడవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ట్రాలీని క్రిందనున్న డ్రాబారునకే తగిలింపవలెను; ఎత్తుగానున్న పై కడ్డీకి తగిలించినచో ఫెర్గూసన్ తప్పింప జూచిన ప్రమాదమే తిరిగి వచ్చును. మిరప బస్తాలతో గుంటూరు బాట పట్టిన ట్రాలీ దారిలో ఊడినచో వెనుక వచ్చు బస్సునకు ప్రక్కకు తప్పుకొను వ్యవధి యుండదు.

1953లో అతడు తన సంస్థను కెనడా దేశపు మాసే-హారిస్ సంస్థతో కలిపెను. వెలలో పది లక్షల డాలర్ల తేడా తెగకపోగా నాణెము ఎగురవేసిరి, ఫెర్గూసన్ ఓడెను. విచారపడినట్లు కనబడలేదు. మరుసటి యేడే అతడు ఆ సంస్థనుండి వైదొలగి, నాలుగు చక్రములకును బలము అందు కారును నిర్మించు పనిలో పడెను. దాని ఫలితమును చూచు భాగ్యము అతనికి లేకపోయెను. 1960 అక్టోబరు 25వ తేదీన తన గృహమున మరణించెను. అతని పద్ధతిలో నిర్మించిన పందెపు కారు 1961లో ఓల్టన్ పార్కు పందెమున గెలిచెను.

అతడు మరణించిన 1960వ సంవత్సరముననే మద్రాసులో మాసే ఫెర్గూసన్ సహకారముతో టాఫే సంస్థ వెలసెను. ఆ ట్రాక్టర్లు తెలుగు పల్లెలకును వచ్చెను. ఫెర్గూసన్ హక్కుల గడువు తీరిన పిమ్మట తక్కిన సంస్థలును అతని మూడు కీళ్లనే స్వీకరించెను. వాని కొలతలు దేశదేశములయందు ఒక్కటిగ నిర్ణయింపబడెను. అందుచేత నేడు ఎడ్లపాటి రైతు ఒక సంస్థ ట్రాక్టరును కొని, మరియొక సంస్థ గొర్రును తెచ్చి, ఇరుగువాని రోటవేటరును బదులు తీసికొని, ఆ మూడు పిన్నులతోనే తగిలించుకొనుచున్నాడు.