చిన్న ఇంజిన్‌తో పెద్ద పరుగు: కరివర్ధన్ జీవితం

మన వార్షికోత్సవ సంచికలో అంబేద్కర్, పూలే, జాషువా గార్ల జీవితాలు చాలాసార్లు వచ్చాయి. రావాలి కూడా. ఈసారి ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు చదివే తమ్ముళ్లనూ, పాలిటెక్నిక్ వైపు వెళ్లాలని ఆశపడే తమ్ముళ్లనూ దృష్టిలో పెట్టుకొని వేరే రంగంలోని ఒక వ్యక్తి గురించి రాస్తున్నాను. ఆయన పేరు సుందరం కరివర్ధన్. మన దేశంలో కారు పందేల గురించి తెలిసినవారిలో ఈ పేరు తెలియనివారు ఉండరు. అందరూ ఆయన్ని కరి అని పిలిచేవారు. మారుతి 800 కారులో ఉండే చిన్న ఇంజిన్‌తో పందెం కారు తయారుచేయించి, కుర్రాళ్ల చేతికి అందించిన మనిషి ఆయన.

కరివర్ధన్ 1954లో జన్మించారు. కోయంబత్తూరులో పేరున్న లక్ష్మీ మిల్స్ కుటుంబం వారిది. ఆయన తాతగారు జి. కుప్పుస్వామి నాయుడు 1910లో ఆ మిల్లును స్థాపించారు. ఊరు తమిళనాడులోదే అయినా కుటుంబం తెలుగు కుటుంబమే. కొన్ని వందల ఏళ్ల క్రితం తెలుగు నేల నుంచి దక్షిణానికి వలసవెళ్లిన కుటుంబాలు కోయంబత్తూరు చుట్టుపక్కల చాలా ఉన్నాయి. ఇళ్లలో ఇప్పటికీ తెలుగు మాట్లాడుకునేవారు వారిలో ఉన్నారు. పెద్దగా చదువుకోకపోయినా మోటార్ సైకిల్ విప్పి బిగించి, ఇంజనీరుగా దేశమంతా పేరు తెచ్చుకున్న జి.డి. నాయుడు గారు (1893–1974) కూడా ఆ ప్రాంతపు తెలుగువారే. మిల్లులు, ఫౌండ్రీలు, పంపుసెట్ల కార్ఖానాలు ఉన్న ఊరు కాబట్టి అక్కడి పిల్లలకు లేత్ మిషను, వెల్డింగు చిన్నప్పటి నుంచీ కనిపించే వస్తువులే. మనకు వలలు, పడవలు ఎలాగో వాళ్లకు అవి అలాగ.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. కరివర్ధన్ మన లాంటి ఇంటి నుంచి వచ్చినవారు కాదు. ఫీజు కట్టలేక చదువు ఆపేసే భయం ఆయనకు ఎప్పుడూ లేదు. కష్టాల కథ కోసం చూసేవారికి ఇందులో ఆ కథ దొరకదు.

ఆ రోజుల్లో కారు పందేలంటే షోలవరం. మద్రాసుకు ఉత్తరాన ఉన్న ఆ ఊళ్లో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఒకటి ఉంది. దాని మీదే మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ పందేలు జరిపేది. జనం వేలల్లో వచ్చేవారు. అక్కడ రెండు రకాల కార్లు పరుగెత్తేవి. ఒకటి, ధనవంతులు విదేశాల నుంచి తెప్పించుకున్న అసలు పందెం కార్లు. రెండోది, మన రోడ్ల మీద తిరిగే ఫియట్, హెరాల్డ్, అంబాసిడర్ కార్లకే మరమ్మతులు చేసి పరుగు పెంచినవి. కరివర్ధన్ ఈ లోకంలోకి డ్రైవరుగానే అడుగుపెట్టారు. నడపడంతో ఆయన ఆగి ఉంటే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు.

చిన్న ఇంజిన్ నుంచి ఎక్కువ శక్తి రాబట్టడం ఎలాగ? తమ్ముళ్లారా, ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి. ఎక్కువ పెట్రోలు పోస్తే ఎక్కువ శక్తి వస్తుందని చాలామంది అనుకుంటారు. పెట్రోలు పంపడం తేలికే, కష్టమంతా గాలి దగ్గర ఉంది. 1 గ్రాము పెట్రోలు సరిగ్గా మండాలంటే దాదాపు 15 గ్రాముల గాలి కావాలి. కాబట్టి ఇంజిన్ ఎంత గాలి పీల్చి, ఎంత తేలిగ్గా పొగ వదలగలిగితే అంత బలం. దానికి దారులు కొన్నే. సిలిండర్‌ను బోరు చేయించి పెద్ద పిస్టన్ వేయాలి. లేదా పెద్ద కార్బురేటర్ బిగించి, వాల్వులు ఎక్కువసేపు తెరుచుకునేలా క్యామ్ షాఫ్ట్ మార్చాలి. హెడ్‌లోని దారులను నునుపు చేసి, సైలెన్సర్‌లో అడ్డు తగ్గించాలి. హెడ్‌ను కొద్దిగా అరగదీస్తే పిస్టన్ పైన ఖాళీ తగ్గి, గాలీ పెట్రోలూ ఇంకా గట్టిగా నొక్కుకుంటాయి, దెబ్బ బలంగా పడుతుంది.

ఈ విద్యలో ప్రపంచ ప్రసిద్ధుడు కార్లో అబార్త్. 1908లో వియన్నాలో పుట్టి ఇటలీలో స్థిరపడి, సైలెన్సర్లు అమ్మి పేరు తెచ్చుకున్నాడు. ఫియట్ 500 అనే బుల్లి కారు ఇంజిన్ 499 సీసీ, దాని బలం దాదాపు 18 హార్స్ పవర్. అబార్త్ 1963లో దాన్నే 594 సీసీకి పెంచి 27 హార్స్ పవర్ తీయించాడు. సైజు పెరిగింది అయిదో వంతు, బలం పెరిగింది సగం. మిగతాదంతా ఊపిరి సరిచేయడం వల్ల వచ్చిందే.

అయితే ఇదంతా ఊరకే రాదు. నొక్కుడు మరీ ఎక్కువైతే పెట్రోలు వేళకు ముందే తనంతట తాను పేలి ఇంజిన్ టకటకా కొట్టుకుంటుంది, చివరకు పిస్టన్‌కే చిల్లు పడుతుంది. పందెం క్యామ్ షాఫ్ట్ వేసిన కారు ఊళ్లో నెమ్మదిగా నడవనంటుంది, ఆగి ఆగి వణుకుతుంది. బేరింగులు త్వరగా అరుగుతాయి. పందెం పందానికీ ఇంజిన్ విప్పాల్సి వస్తే డబ్బున్నవాడే గెలుస్తాడు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. మూడు సిలిండర్లు, 796 సీసీ, 40 లోపు హార్స్ పవర్. అంబాసిడర్ ఇంజిన్‌కు ఇంతకంటే ఎక్కువ బలమే ఉంది, 50 దాకా. కానీ ఆ కారు బరువు 1,100 కిలోలు దాటుతుంది, మారుతి 650 కూడా దాటదు. లెక్క వేసి చూడండి. అంబాసిడర్‌లో ఒక్కో హార్స్ పవర్ 20 కిలోలకు పైగా లాగాలి, మారుతిలో 16 కిలోలు లాగితే చాలు. నరసాపురం రేవులో సఖినేటిపల్లి పంటు ఎక్కినవాళ్లకు ఈ సూత్రం వేరే చెప్పనక్కర్లేదు. లారీలు ఎక్కితే ఒక నడక, మనుషులే ఎక్కితే ఇంకో నడక, ఇంజిన్ మాత్రం అదే.

కరివర్ధన్ పట్టుకున్నది ఈ కొసనే. 1980ల చివర ఆయన మారుతి 800 ఇంజిన్‌తో ఒంటి సీటు పందెం కారు రూపొందించారు. పైకప్పు లేదు, తలుపులు లేవు, అద్దాలు లేవు, చక్రాలు బయటికే కనిపిస్తాయి. ఇనుప గొట్టాల చట్రం, మధ్యలో మనిషి, ఆయన వెనక ఇంజిన్. మారుతిలో ఇంజిన్, గేరు బాక్సు ఒకే ముద్దగా ముందు చక్రాల దగ్గర ఉంటాయి. ఆ ముద్దనే తీసి వెనక పెడితే వెనక చక్రాలను తిప్పుతుంది. కొత్త గేరు బాక్సు కొనే పని లేదు. స్పేర్ పార్టులు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. ఈ కార్ల పందేనికి ఫార్ములా మారుతి అని పేరు వచ్చింది.

నాకు ఇందులో అన్నిటికంటే నచ్చింది వేరే ఉంది. అందరికీ ఒకే ఇంజిన్. ఎవడు ముందుంటాడన్నది మలుపులో బ్రేకు ఎక్కడ వేశాడు, ఎంత ధైర్యంగా వదిలాడు అన్నదాన్ని బట్టి తేలుతుంది. వాళ్ల నాన్న ఏ దేశం నుంచి కారు తెప్పించాడన్నదాన్ని బట్టి కాదు. విదేశీ కార్లు తెప్పించుకోగల ఇంటివాడే ఈ ఏర్పాటు చేశాడన్నది గమనించాలి. అలాగని ఫార్ములా మారుతి పేదల ఆట అయిపోయిందని నేను అనను. టైర్లకు, పెట్రోలుకు, ప్రయాణాలకు డబ్బు కావాలి. మన హాస్టల్ గేటు దాకా అది రాలేదు. తలుపు కొంత తెరుచుకుంది, అంతే.

ఆ తెరుచుకున్న తలుపులోంచి వెళ్లినవారిలో కోయంబత్తూరు కుర్రాడు నారాయణ్ కార్తికేయన్ ఒకరు. 1990ల మొదట్లో ఫార్ములా మారుతి కార్లతోనే ఆయన పందేలు మొదలుపెట్టారు. ఆ తర్వాత యూరప్ వెళ్లి ఒక్కో మెట్టూ ఎక్కి, 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో నడిపిన మొట్టమొదటి భారతీయుడయ్యారు. 800 సీసీ దగ్గర మొదలైన మనిషి 3,000 సీసీ, పది సిలిండర్ల కారు దాకా వెళ్లారు.

దాన్ని చూడటానికి కరివర్ధన్ లేరు. ఆయనకు విమానాలన్నా ఇష్టమే. 1995లో చిన్న విమానం కూలిన ప్రమాదంలో మరణించారు. ఒళ్లు దాచుకోకుండా పని చేయగల వయసది, నలభై దాటి ఏడాది రెండేళ్లు కూడా కాలేదు. పందెం ట్రాక్ మీద అంత వేగంగా తిరిగిన మనిషి ఆకాశంలో పోయారు.

ఆయన పోయిన తర్వాత కూడా ఆ కార్లు ఆగలేదు. ఫార్ములా మారుతి పందేలు సాగుతూనే వచ్చాయి, కొత్త కుర్రాళ్లు వాటిలోనే చేయి తిప్పడం నేర్చుకున్నారు. 2003లో కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో 2 కిలోమీటర్లకు పైగా పొడవున్న పందెం ట్రాక్ తెరిచి, దానికి కరి మోటార్ స్పీడ్‌వే అని ఆయన పేరే పెట్టారు. మారుతి 800 కారు తయారీ 2014లో ఆగిపోయింది. మన ఊళ్లలో ఆ కార్లు ఇంకా అక్కడక్కడా తిరుగుతున్నాయి. ఎప్పుడైనా మెకానిక్ షెడ్డు దగ్గర బానెట్ ఎత్తి ఉంటే ఆగి చూడండి. చేతులు చాచి ఇద్దరు మనుషులు ఎత్తగలిగేంత ఇంజిన్ అది.