పాట పాడినందుకు
(గరిమెళ్ళ సత్యనారాయణ గారి జీవితం)



వార్షికోత్సవ సంచికకు ఎవరైనా గొప్పవారి జీవితం రాసి పంపమని కబురు వచ్చింది. అంబేడ్కర్ గారి గురించి, జాషువా గారి గురించి మన సంచికల్లో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. ఈసారీ తప్పకుండా రాస్తారు. నేను మాత్రం మనమంతా ఆయన పాట పాడి కూడా ఆయన పేరు తెలుసుకోని ఒక మనిషి గురించి రాయాలనుకున్నాను.

నేను ఏడో తరగతిలో ఉండగా ఆగస్టు 15కి మన హాస్టల్ వరండాలో మాకొద్దీ తెల్లదొరతనము పాట పాడించారు. పదిమందిమి వరసగా నిలబడి గొంతు చించుకుని పాడాం. జెండా ఎగరేశాక బిళ్ళలు పంచారు. ఆ పాట ఎవరు రాశారో మేమూ అడగలేదు, మాకెవరూ చెప్పలేదు. విశాఖపట్నంలో ఎం.ఏ. తెలుగులో చేరాక ఒకరోజు మధ్యాహ్నం లైబ్రరీలో ఆ పేరు కనబడింది. గరిమెళ్ళ సత్యనారాయణ. చదువుతూ కూర్చుంటే మెస్ టైము దాటిపోయిందని కూడా తెలియలేదు.

ఆయన 1893 జూలై 14న నరసన్నపేట దగ్గర గోనెపాడులో పుట్టారు. ఇప్పుడది శ్రీకాకుళం జిల్లా. అప్పుడు గంజాం జిల్లా కింద ఉండేది. (మన కలిదిండి కృష్ణా జిల్లాలో ఉండి 2022లో ఏలూరు జిల్లాలోకి వచ్చినట్టే. ఊరు కదలదు, జిల్లా మారుతుంది.) తండ్రి వేంకటనరసింహం గారు, తల్లి సూరమ్మ గారు. ప్రియాగ్రహారంలో చిన్న చదువు అయింది. అగ్రహారపు బ్రాహ్మణ కుటుంబమే గానీ పిల్లవాణ్ణి పై చదువులు చదివించే స్థోమత ఉన్న ఇల్లు కాదు. విజయనగరం, బందరు, రాజమండ్రి తిరిగి చదువుకున్నారు. కన్నేపల్లి నరసింహారావు గారనే ప్లీడరు సాయం చేయబట్టి బి.ఎ. పట్టా చేతికొచ్చింది.

ఈ మాట దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. నా డిగ్రీ ఫైనలియర్లో స్కాలర్‌షిప్ ఆలస్యమైతే పరీక్ష ఫీజు కట్టింది మన హాస్టల్లోనే చదివి ఉద్యోగం చేసుకుంటున్న ఒక అన్న. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు. ఒకరి చేత్తో చదువుకున్నవాడికి ఆ చదువు తన ఒక్కడిది అనిపించదు. ఎప్పుడు ఉద్యోగం వస్తుంది, ఎప్పుడు ఆ బాకీ తీరుతుంది అన్నదే మనసులో ఉంటుంది. మా నాన్న చేపల చెరువు మీద రాత్రి కాపలా. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటివాణ్ణి నేనే. అందుకని సత్యనారాయణ గారు ఆ తర్వాత చేసిన పని నాకు ఒక పట్టాన మింగుడు పడలేదు.

బి.ఎ. అయ్యాక ఆయన గంజాం కలెక్టరు కచేరీలో గుమాస్తాగా చేశారు. తర్వాత విజయనగరంలో హైస్కూలు పంతులుగా చేశారు. ఆ కాలంలో బి.ఎ. అంటే మామూలు విషయం కాదు. పేరు చివర ఆ రెండక్షరాలు ఉంటే ఊళ్ళో లేచి నిలబడేవారు. టీచరు ట్రైనింగు కోసం రాజమండ్రి కాలేజీలో చేరారు. అది పూర్తి చేస్తే జీవితాంతం స్థిరమైన కొలువు ఉండేది. సరిగ్గా అప్పుడే, 1920లో, గాంధీ గారి సహాయ నిరాకరణ పిలుపు వచ్చింది. వకీళ్ళు కోర్టులు వదలాలి, విద్యార్థులు సర్కారు కాలేజీలు వదలాలి. ఇరవై ఏడేళ్ళ సత్యనారాయణ గారు ట్రైనింగు వదిలేసి రోడ్డు మీదకు వచ్చారు.

వచ్చి ఆయన చేసిందేమిటంటే పాట రాయడం, రాసిన పాటను తానే పాడటం. ఇది గమనించాల్సిన సంగతి. మన పుస్తకాల్లో ఆయన్ని కవి అంటారు. నిజమే గానీ, కాగితం మీద రాసి పెట్టి ఊరుకున్న కవి కాదు. బజారులో నిలబడి గొంతెత్తి పాడేవారు. మైకుల్లేని రోజులు. పాట కట్టింది జనం నోట్లో నలిగే బాణీలో, జనం మాట్లాడుకునే మాటల్లో. ఒక్కసారి వింటే రెండో చరణానికల్లా చుట్టూ ఉన్నవాళ్ళు అందుకునేవారు. చదువురానివాడికి పేపరు పనికిరాదు, పుస్తకం పనికిరాదు. పాట పనికొస్తుంది.

మాకొద్దీ తెల్లదొరతనము చాలా పెద్ద పాట. మనం హాస్టల్లో పాడింది నాలుగు ముక్కలే. పూర్తిగా చదివితే అందులో ఎన్ని సంగతులు ఉన్నాయో తెలుస్తుంది. దేశం పంటలు పండుతున్నా పిడికెడు అన్నానికి కరువెందుకొచ్చిందో ఉంది. ఉప్పు ముట్టుకుంటే నేరమవడం ఉంది. బడిలో గాంధీ టోపీ పెట్టుకోనివ్వకపోవడం కూడా ఉంది. గాంధీ గారు ఉప్పు కోసం దండికి నడిచింది 1930లో. ఈయన ఉప్పు మాట పాటలో పెట్టింది అంతకు తొమ్మిదేళ్ళ ముందు. 1921లో స్వరాజ్య గీతములు అని పుస్తకం వచ్చింది. పాట ఊరి నుంచి ఊరికి పాకిపోయింది. ప్రభుత్వం నిషేధించింది. నిషేధిస్తే కాగితం దొరకదు గానీ, నోటికి వచ్చిన పాటను ఎవడు పట్టుకుంటాడు?

కలెక్టరు బ్రేకన్ అనే దొర ఆయన్ని పిలిపించి, ఆ పాట అంతా తన ముందు పాడించుకుని విన్నాడని చెబుతారు. దొరకు తెలుగు రాదు. అయినా పాడే తీరు చూసి ఇది పామర జనాన్ని ఎంత రెచ్చగొడుతుందో తనకు అర్థమైందన్నాడట. నాకు ఈ కథలో ఇష్టమైనది దొర మాట కాదు. కలెక్టరు ఎదుట నిలబడి, జైలు తప్పదని తెలిసి కూడా, చరణాలు మింగకుండా పాట మొత్తం పాడటం. మనం మార్కుల లిస్టు అడగడానికి ఆఫీసు గుమ్మం ఎక్కితేనే గొంతు పెగలదు.

ముందు ఏడాది జైలు. బయటకు వచ్చి మళ్ళీ అదే పాట పాడారు. మళ్ళీ పట్టుకున్నారు. ఈసారి కఠిన శిక్ష, అంతకంటే ఎక్కువ కాలం. జైల్లో ఖాళీగా కూర్చోలేదు. తమిళం, కన్నడం నేర్చుకున్నారు. ఆ భాషల పుస్తకాలు తెలుగు చేశారు.

ఆయన లోపల ఉండగానే ఇంటి దగ్గర తండ్రి పరిస్థితి విషమించింది. క్షమాపణ రాసిస్తే వదిలేస్తామని సర్కారు అంది. ఒక్క కాగితం, ఒక్క సంతకం. ఆయన రాయలేదు. తండ్రి పోయారు.

దీని గురించి నా రూమ్మేటుకూ నాకూ పెద్ద వాదన జరిగింది. అదే గొప్పతనం అన్నాడు వాడు. గొప్పతనమే, కాదనను. కానీ ఆ ముసలాయన కొడుకును బి.ఎ. చదివించుకున్నది ఇందుకా అని నాకు అనిపిస్తూనే ఉంది. క్షమాపణ రాసి ఉంటే ఆ పాట మనదాకా వచ్చేదా అని కూడా అనిపిస్తుంది. రెండూ అనిపిస్తాయి. ఒకటి ఒప్పు, ఇంకొకటి తప్పు అని తేల్చలేకపోయాను.

విడుదలయ్యాక ఊళ్ళవాళ్ళు బ్రహ్మరథం పట్టారు. సన్మానాలు చేశారు, కొత్త బట్టలు పెట్టారు. కొన్ని రోజులు బాగానే గడిచింది. దండలు వాడిపోయాక అసలు కష్టం మొదలైంది. సర్కారు ఉద్యోగం ఇక రాదు. ఉన్న కొద్దిపాటి ఆస్తి కరిగిపోయింది. మన గుడివాడ వైపు అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి గారు కూడా ఆ కాలంలోనే వీరగంధము పాట రాసి పేరు తెచ్చుకున్నారు. అయితే ఆయన బారిష్టరు, ఆయనకు ప్లీడరీ ఉంది. సత్యనారాయణ గారికి పాట తప్ప ఏమీ లేదు. ఈ తేడా చిన్నది కాదు.

మద్రాసు వెళ్ళి పత్రికల్లో పనిచేశారు. కేసరి గారి గృహలక్ష్మి, రంగా గారి వాహిని, ఆంధ్రప్రభ, ఆనందవాణి. ఏదీ ఎక్కువకాలం నిలవలేదు. వ్యాసాలు రాశారు, అనువాదాలు చేశారు. పట్టాభి సీతారామయ్య గారు ఇండియాను తెల్లవాళ్ళు ఆర్థికంగా ఎలా జయించారో ఇంగ్లీషులో రాసిన పుస్తకాన్ని తెలుగులోకి తెచ్చారు. హరిజనుల మీద కూడా పాటలు కట్టారు. ఆ మాట ఇప్పుడు మనం వాడం, మనకు నచ్చదు కూడా. అయినా అగ్రహారంలో పుట్టిన మనిషి ఆ రోజుల్లో మన పేటల కోసం పాట రాశాడంటే, ఆ పేజీ మాత్రం నేను రెండుసార్లు చదివాను.

1947లో దేశానికి స్వతంత్రం వచ్చింది. పాటలో వద్దన్న దొరతనం పోయింది. పాట రాసిన మనిషికి మాత్రం ఒక కన్ను పోయింది, పక్షవాతం వచ్చింది, చేతిలో పైసా లేదు. చివరి రోజుల్లో మద్రాసులో తెలిసినవాళ్ళ ముందూ తెలియనివాళ్ళ ముందూ చేయి చాచి బతికారు. కలెక్టరు ముందు చాచని చేయి అది. ఆయన పాట పాడి జైలుకెళ్ళినవారిలో కొందరు అప్పటికి పదవుల్లో ఉన్నారు. వాళ్ళను తిట్టాలని నాకూ అనిపించింది. తర్వాత వరండాలో మేం పాడిన రోజు గుర్తొచ్చింది. మేమూ పాట పాడి, బిళ్ళలు తిని వెళ్ళిపోయినవాళ్ళమే.

1952 డిసెంబరు 15 రాత్రి మద్రాసులో పొట్టి శ్రీరాములు గారు ఆంధ్ర రాష్ట్రం కోసం చేసిన నిరాహారదీక్షలో కన్నుమూశారు. తెలుగు ఊళ్ళన్నీ అట్టుడికిపోయాయి. రైళ్ళు ఆగిపోయాయి, కాల్పులు జరిగాయి. 19వ తేదీన నెహ్రూ గారు ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. ఈ రెంటికీ నడుమ, డిసెంబరు 18న, సత్యనారాయణ గారు పోయారు. యాభై తొమ్మిదేళ్ళు. అంత గందరగోళంలో ఒక బీద పాటగాడి కోసం ఆగి చూసే తీరిక ఎవరికి ఉంటుంది? స్వాతంత్ర్య సమరయోధులకు కేంద్రం పింఛను పథకం పెట్టింది 1972లో. అప్పటికి ఆయన పోయి ఇరవై ఏళ్ళు.

మొన్న సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు ఈ కథంతా అమ్మకు చెప్పాను. ఎం.ఏ. అయ్యాక బి.ఇడి.లో చేరి డీఎస్సీ రాస్తానని కూడా అప్పుడే చెప్పాను. అమ్మ రొయ్యలు ఒలుస్తూ వింది. కలెక్టరు కథకు నవ్వింది. చివర్లో ఒక్కటే అడిగింది, వాళ్ళ నాన్న ఆఖరి చూపు ఆయనకు దక్కలేదా అని. దక్కలేదన్నాను. ఇంకేమీ అడగలేదు. కాసేపటికి, నాన్న చెరువు మీద నుంచి వచ్చే వేళయింది, నీళ్ళు కాచమంది.