కాలువ కాంట్రాక్టు పట్టిన క్లౌ దొర



వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి పంపమని అడిగారు. అంబేద్కర్ గారి మీద, ఫూలే గారి మీద, జాషువా గారి మీద ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకని ఈసారి మన బోయినపల్లిలో చాలామంది వినని పేరు ఒకటి ఎంచుకున్నాం. ఒంగోలు వైపు పోతే ఆ పేరు తెలియనివాళ్ళు తక్కువ. అక్కడ ఆయన పేరు మీద ఆస్పత్రి వెలిసింది. ఆయన జాన్ ఎవరెట్ క్లౌ. జనం మాత్రం క్లౌ దొర అనేవారు. ఆయన గొప్ప బోధకుడని పుస్తకాల్లో ఉంటుంది. మాకు మాత్రం ఆయన కరువు కాలంలో కాలువ కాంట్రాక్టు పట్టి, కూలీ కడుపు కొట్టకుండా పని చేయించిన మనిషిగా ముందు నచ్చారు.

ఎందుకు నచ్చారో కూడా చెప్పాలి. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. అమ్మ, బాపు మట్టి పనికి పోయినవాళ్ళే. ఎండాకాలం సెలవుల్లో మేము కూడా వాళ్ళ వెంట పోయి తట్టలు మోశాం. వారం చివర డబ్బులు ఇచ్చేటప్పుడు మేస్త్రీ ఏదో ఒక వంక చెప్పి ఒక రోజు కూలి కోసేవాడు. కొలత తక్కువ వచ్చిందనేవాడు, పొద్దెక్కి వచ్చారనేవాడు. అదే మేస్త్రీ ఆదివారం తెల్లబట్టలు వేసుకొని ప్రార్థనలో ముందు వరుసలో కూర్చొనేవాడు. బాపు వెనక వరుసలో కూర్చొనేవాడు. అప్పుడు మాకు పదమూడేళ్ళు. దేవుని మాట ఒక రోజుకు, డబ్బు మాట ఆరు రోజులకు అని వేరువేరుగా ఉంటాయేమో అనుకున్నాం. ఎం.ఏ.లో చరిత్ర చదువుతూ క్లౌ గారి సంగతి చూసినప్పుడు ఆ మేస్త్రీయే మొదట గుర్తుకొచ్చాడు.

క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో రైతు కుటుంబంలో పుట్టారు. కుటుంబం పడమటికి వలస పోయింది. చిన్న వయసులోనే సర్వే పనిలో చేరి, గొలుసు పట్టుకొని భూములు కొలిచారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది. లాయరు కావాలనేది ఆయన కోరిక. దేవుని మీద పెద్ద నమ్మకం కూడా లేదు. కాలేజీ చదువు రోజుల్లో మనసు మారింది. 1864 చివర భార్య హారియెట్‌తో కలిసి ఓడ ఎక్కి, మరుసటి ఏడు మద్రాసులో దిగారు.

ఆయన వచ్చిన తెలుగు మిషన్ అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళది. అన్నేళ్ళకూ చేరినవాళ్ళు వేళ్ళ మీద లెక్కించేటంత మంది. మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ కూడా జరిగింది. క్లౌ దంపతులు 1866లో ఒంగోలు వచ్చారు. 1867 జనవరి 1న అక్కడ సంఘం పెట్టినప్పుడు అందులో ఉన్నది ఎనిమిది మంది.

ఇక్కడ ఇంకొక మనిషిని పరిచయం చేయకపోతే ఈ కథ సగమే అవుతుంది. ఆయన యెర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు దూరంగా తాళ్ళకొండపాడులో ఉండే మాదిగ ఆయన. తోళ్ళ వ్యాపారి. తోళ్ళు కొనడానికి ఉత్తరాన ఏలూరు దాకా తిరిగేవాడు. అంతకు ముందు యోగ సాధన చేసినవాడు, మాట మీద నిలబడే మనిషి అని చుట్టుపక్కల పేరు. వ్యాపారం మీద తిరుగుతున్నప్పుడే క్రైస్తవ బోధ చెవిన పడింది. అంటే దొరలు వెతుక్కుంటూ పోయి పేరయ్యను పట్టుకోలేదు, పేరయ్యే వెతుక్కుంటూ వచ్చాడు. తోళ్ళ బేరానికి పోయిన ఊళ్ళలోనే, తోటి చెప్పులు కుట్టేవాళ్ళ మధ్య కూర్చొని తాను నమ్మింది చెప్పాడు. క్లౌ గారు 1867 మొదట్లో తాళ్ళకొండపాడు పోయేసరికి అక్కడ జనం సిద్ధంగా ఉన్నారు. పుస్తకాల్లో క్లౌ పేరు పెద్దక్షరాల్లో, పేరయ్య పేరు చిన్నక్షరాల్లో ఉండడం మాకు నచ్చలేదు.

అప్పుడే ఒంగోలులో చిక్కు వచ్చింది. క్లౌ గారి బడికి పై కులాల పిల్లలు వస్తున్నారు. ఊరి పెద్దలు ఆయనతో మర్యాదగానే ఉన్నారు. మాదిగలను చేర్చుకుంటే మేము రాము అని వాళ్ళు తేల్చి చెప్పారు. బడి పోతుంది, పెద్దల స్నేహం పోతుంది. ఆ రాత్రి భార్యాభర్తలు వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే చోటు వచ్చిందట. లోకం తక్కువగా చూసినవాళ్ళనే దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే చోటు అది. మాదిగలు లోపలికి వచ్చారు. పెద్దల పిల్లలు బడి మానేశారు.

చేరినవాళ్ళకు క్లౌ గారు పెట్టిన నియమాలు ప్రధానంగా మూడు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి ఇవి భక్తి నియమాలు. ఊళ్ళో మాత్రం ఇవి కూలి, హక్కు, పెత్తనం నియమాలు అయ్యాయి. జాతరలో డప్పు కొట్టం అన్నారు, ఆదివారం వెట్టికి రాము అన్నారు. ఊరు ఊరుకుంటుందా? బావి నీళ్ళు ఆపారు, కొట్టారు, తప్పుడు కేసులు పెట్టారు. డప్పు విషయంలో మాకు ఒక మాట ఉంది. ఈనాడు డప్పు మన గౌరవం. అప్పుడు అది పిలిస్తే కొట్టి తీరాల్సిన వెట్టి. ఇది తెలియకుండా ఆ రోజుల వాళ్ళను తప్పు పట్టకండి.

క్లౌ గారు ఒక తెలివైన పని చేశారు. చేరినవాళ్ళను ఊరి నుంచి లాగి మిషన్ కాంపౌండులో కూర్చోబెట్టలేదు. మోట బొక్కెనలు, చెప్పులు కుట్టే పనిలో, తమ గూడెంలో, తమ కులపెద్దల కిందే ఉండమన్నారు. నమ్మకం బతుకు జరిగే చోటే ఉండాలని ఆయన ఆలోచన.

1876లో వానలు పోయాయి. 1877 నాటికి దక్షిణాది అంతా మహాకరువు. లక్షల మంది చనిపోయారు. సర్కారు పెట్టిన కరువు పనుల్లో కూలి ఎంతో తెలుసా? సర్ రిచర్డ్ టెంపుల్ అనే పెద్ద అధికారి, మగ మనిషికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలని తేల్చాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. రోజంతా మట్టి తవ్వే మనిషికి అది! మద్రాసు సర్కారులోని ఆరోగ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్ దీన్ని గట్టిగా వ్యతిరేకించారు.

ఆ కరువులో పెద్ద పని బకింగ్‌హామ్ కాలువ. మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు మీద ఆ పేరు. సముద్రం ఒడ్డు వెంబడి మద్రాసును కృష్ణా కాలువలతో కలిపే పడవల దారి. ఒంగోలు దగ్గర ఆ తవ్వకం నడుస్తోంది. క్లౌ గారు అందులో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తానే పట్టారు. మిషనరీ కాంట్రాక్టరు కావడమేమిటని అనిపిస్తుంది. మట్టి పని ఎరిగినవాళ్ళకు కారణం తెలుస్తుంది. సర్కారు కొలత మీద డబ్బు ఇస్తుంది. గజాల లెక్క ఇంజనీరు దగ్గర ఉంటుంది. కూలీకి మాత్రం రోజు లెక్క. ఈ రెండు లెక్కల మధ్య కాంట్రాక్టరు, అతని కింద ఇంకొకడు, వాడి కింద మేస్త్రీ. కూలి ఆ మెట్లు దిగి వచ్చేసరికి సగం అవుతుంది. పక్క ముక్కల్లో కూలీలను ఎలా బాదుతున్నారో, ఎలా మోసం చేస్తున్నారో క్లౌ గారు విన్నారు. దయ తలచి గంజి పోస్తే ఒక పూట గడుస్తుంది. కాంట్రాక్టు తన చేతిలో ఉంటే ఆ మెట్లనే తీసేయవచ్చు. గొలుసు పట్టి భూమి కొలిచిన మనిషి కదా, ఇంజనీర్ల లెక్క ఆయనకు అర్థమవుతుంది.

రాజుపాలెం దగ్గర మకాం వేశారు. కూలీలకు గుడిసెలు వేయించారు, నీటికి బావులు తవ్వించారు. మేస్త్రీలుగా తన బోధకులనే పెట్టారు. వాళ్ళు నిన్నటిదాకా చెప్పులు కుట్టినవాళ్ళే. వాళ్ళకు కూలి కోసే అలవాటు లేదు, తిట్టే అలవాటు అంతకన్నా లేదు. దీంతో జనం దూరాల నుంచి నడిచి వచ్చారు. అన్ని కులాలవాళ్ళూ వచ్చారు. వేలమంది అక్కడ తవ్వారు. మధ్యాహ్నం గడ్డపార దించి నీడన కూర్చున్నప్పుడు మేస్త్రీయే పక్కన కూర్చొని మాట్లాడేవాడు. యేసు సంగతి అడిగితే చెప్పేవాడు. ఎవరి దేవుడు ఎవరని కూలి ఇచ్చేటప్పుడు అడగలేదు.

మాకు అన్నింటికన్నా గొప్పగా కనిపించింది దీని తరువాతి సంగతి. ఆ జనంలో చాలామంది బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కరువు ఉన్నంత కాలం, సుమారు పదిహేను నెలలు, ఒక్కరికీ ఇవ్వలేదు. చేతిలో కూలి ఉంది, బియ్యం ఉంది, ఎదుట ఆకలితో ఉన్న మనుషులున్నారు. లెక్క పెంచుకోవాలనుకునే వ్యాపారికైనా, బోధకుడికైనా ఇంతకన్నా మంచి అదను రాదు. ఆయన ఆ అదనును వాడుకోలేదు. ఆకలి మీద బేరం చేయకూడదనుకున్నారు.

1878 నడిమికి కరువు సాయం ఆగిపోయింది. ఇక ఇచ్చేందుకు డబ్బు లేదని, ఇళ్ళకు పొమ్మని చెప్పి పంపారు. అయినా జనం పోలేదు. మాకు డబ్బు అక్కర్లేదన్నారు. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర వేలమంది చేరారు. ఒక్కొక్కరినీ వాళ్ళ ఊరి బోధకుడు ఎరుగునా లేదా అని విచారించారు. 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మందికి ఆ నదిలో బాప్తిస్మం జరిగింది. ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు ఇద్దరుగా వంతులు మార్చుకుంటూ. క్లౌ గారు ఆ రోజు ఒక్కరికీ ఇవ్వలేదు, ఒడ్డున నిలబడి ఏర్పాట్లు చూశారు. కొన్నేళ్ళలోనే ఒంగోలు సంఘం ప్రపంచంలోని బాప్టిస్టు సంఘాల్లో పెద్దదిగా పేరు పొందింది.

అన్నం కోసం చేరారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. కూలి ఉన్నన్నాళ్ళూ ఆగి, కూలి ఆగాక చేరినవాళ్ళను ఆ మాట ఎలా అంటారో మాకు తెలియదు. అలాగని క్లౌ గారిలో లోపమే లేదని మేము అనం. అంతమంది ఒక్కసారి వస్తే వెనక వాళ్ళకు చదువు చెప్పడానికి మనుషులు చాలలేదు. ఇంకొక సంగతి మన హాస్టల్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఆనాడు నదిలో దిగినవాళ్ళ మనుమలు, మునిమనుమలు ఇవాళ చర్చి పేరు చెబితే కాగితం మీద బీసీ-సి అవుతారు. గూడెం మారలేదు, ఊరు చూసే చూపు మారలేదు. మారింది సర్టిఫికెట్. ఆదివారం ప్రార్థనకు పోయి సోమవారం ఆఫీసులో ఇంకొకటి రాసే పిల్లవాని మనసులో ఏముంటుందో ఆ వరుసలో నిలబడినవాళ్ళకే తెలుసు.

మనకు దగ్గరలో ఇలాంటి కథే మెదక్ చర్చిది. పాస్నెట్ దొర కరువు రోజుల్లో జనానికి పని, అన్నం దొరకాలని ఆ గుడి కట్టించాడని పెద్దలు చెబుతారు. 1924 క్రిస్మస్ నాడు దాన్ని ప్రతిష్ఠించారు. క్రిస్మస్‌కు అక్కడికి పోయేవాళ్ళు మనలో చాలామంది. మెదక్‌లో చూడడానికి గోపురం ఉంది. క్లౌ గారిది నేలలోకి తవ్విన పని, చూడడానికి ఏమీ లేదు.

హారియెట్ 1893లో చనిపోయారు. తరువాత క్లౌ గారు ఎమ్మా రౌషెన్‌బుష్‌ను పెళ్ళాడారు. మాదిగల ఇళ్ళలో కూర్చొని వాళ్ళ కథలు విని 1899లో పుస్తకంగా అచ్చు వేసింది ఆమె. పేరయ్య వంటివాళ్ళ జీవితాలు మనకు మిగిలాయంటే చాలావరకు ఆమె వల్లే. క్లౌ గారు ముసలితనంలో అమెరికా వెళ్ళి 1910లో అక్కడే కన్ను మూశారు.

పోయిన ఏడు ఒక పోటీ పరీక్ష రాయడానికి మేము ఒంగోలు పోయాం. పరీక్ష అయ్యాక సముద్రం వైపు పోయే బస్సెక్కి ఆ కాలువ చూశాం. పడవలు లేవు. గట్లు కోసుకుపోయాయి, సర్కారు తుమ్మ పెరిగింది. గట్టు మీద నుంచే బాపుకు ఫోన్ చేసి సంగతంతా చెప్పాం. బాపు దేవుని సంగతి ఏమీ అడగలేదు. మట్టి ఇసుకదా రేగడిదా అని, లోతు ఎంత ఉందని అడిగాడు. కాసేపు ఆగి, ఆ దొర కొలత కూలీల ముందే వేయించేవాడా అని అడిగాడు.