క్రిస్టీ: ట్యాంకుకి పరుగు నేర్పినవాడు

వార్‌గేమ్‌లు ఆడేవాళ్ళకి ఈ లెక్క బాగా తెలుసు. చక్రాల సాయుధ వాహనం రోడ్డు మీద రివ్వున పోతుంది, బురదలో దిగితే మాత్రం కదలిక పాయింట్లు ఇట్టే అయిపోతాయి. ట్రాకుల బండి నిదానమే కానీ, పొలమైనా గుట్టయినా దాటేస్తుంది. శత్రువు జాడ ముందుగా చూసి రావాల్సిన నిఘా దళాలకి ఈ రెండు గుణాలూ కావాలి. ఆ రెంటినీ ఒకే బండిలో పెట్టాలని పట్టుబట్టిన ఇంజినీరు జాన్ వాల్టర్ క్రిస్టీ.

ఆయన 1865లో అమెరికాలోని న్యూజెర్సీలో పుట్టాడు. పదహారేళ్ళకే ఇనుప కార్ఖానాలో చేరి, పని చేసుకుంటూనే న్యూయార్క్ కూపర్ యూనియన్‌లో చదువుకున్నాడు. తర్వాత రేసు కార్ల పిచ్చి పట్టుకుంది. ఇంజిను ముందు చక్రాలనే తిప్పే కారు తయారుచేసి, 1907లో ఫ్రెంచ్ గ్రాండ్ ప్రిలో తనే నడిపాడు. ఇంజిను దాదాపు 20 లీటర్లది! రేసు మాత్రం పూర్తి కాలేదు. అదే పద్ధతిలో ఫైరింజన్లని లాగే ట్రాక్టర్లు చేసి, గుర్రాలకి సెలవిప్పించాడు.

మొదటి ప్రపంచయుద్ధపు ట్యాంకులు మనిషి నడకని కాస్త మించి కదిలేవి, అంతే. క్రిస్టీ 1928లో తెచ్చిన బండి ట్రాకుల మీద గంటకి 68 కిలోమీటర్లు, ట్రాకులు విప్పేసి చక్రాల మీద 110 దాటి పరిగెత్తింది. కిటుకంతా సస్పెన్షన్‌లో ఉంది. ప్రతి పెద్ద చక్రానికీ విడిగా ఒక పొడవాటి కాయిల్ స్ప్రింగ్ పెట్టాడు. గుంట వస్తే ఆ ఒక్క చక్రమే లేచి దిగుతుంది, మిగతావి నేలని వదలవు.

అమెరికా సైన్యం చూసింది, మెచ్చుకుంది, కొన్నది మాత్రం కొద్ది బండ్లే. కొన్ని ఆశ్వికదళానికి వెళ్ళాయి. చట్టం ప్రకారం ట్యాంకులు పదాతిదళానివే కాబట్టి, అక్కడ వాటిని కంబాట్ కార్లన్నారు. సైన్యం మార్పులు అడిగేది, క్రిస్టీ తన డిజైనే సరైందనేవాడు. ఇలా చెడింది.

సోవియట్ వాళ్ళు అలా వాదించలేదు. టరెట్లు లేని రెండు బండ్లు వ్యవసాయ ట్రాక్టర్ల పేరుతో ఓడెక్కాయి. వాటినుంచి ఖార్కోవ్‌లో బీటీ ట్యాంకులు పుట్టాయి, 1939లో ఖాల్ఖిన్ గోల్‌లో జపాన్ సేనల మీదికి ఉరికాయి. 1936లో బ్రిటన్ కూడా ఒక బండి కొనుక్కుని, క్రూజర్ ట్యాంకులకి ఆ సస్పెన్షనే వాడింది.

అసలు విశేషం ఇక్కడుంది. క్రిస్టీ ఎంతో ముచ్చటపడిన ట్రాకులు విప్పే ఏర్పాటు యుద్ధంలో పెద్దగా అక్కరకు రాలేదు. బరువు, చిక్కులు తప్ప లాభం లేదని టీ-34లో దాన్ని తీసేశారు. స్ప్రింగులు మాత్రం ఉంచుకున్నారు. వాటికీ లోపం లేకపోలేదు, బండి లోపల చోటు తినేసేవి. అందుకే తర్వాత టోర్షన్ బార్లు వచ్చాయి.

1944 జనవరిలో క్రిస్టీ చేతిలో పెద్దగా డబ్బు లేకుండానే చనిపోయాడు. ఆ రోజుకి టీ-34లు వేల సంఖ్యలో పడమటికి నడుస్తున్నాయి. ఈసారి ఆటలో టీ-34 బిళ్ళని గడులు దాటించేటప్పుడు, దాని కదలిక అంకెలో ఆయన వాటా ఉందని గుర్తుచేసుకోండి.